మైకక్క చదివిన నాలుగో పేజీ

మైకక్క అంత్యక్రియల రోజు చర్చిలో మైకు పనిచేయలేదు. ఇందులో ఏదో సంకేతం ఉందని ముందు వరసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నిజానికి వైరును ఎలుకలు కొరికాయి. నేను చివరి వరసలో స్విచ్‌బోర్డు పక్కనే కూర్చున్నాను కాబట్టి నాకు తెలుసు. పాస్టరుగారు గొంతు చించుకుని నలభై నిమిషాలు మాట్లాడారు. బహుభాషా కోవిదురాలు అన్నారు. సేవాతత్పరురాలు అన్నారు. నా పక్కన గంగామణి కూర్చుంది. అక్క ఇంటి అరుగు మీద ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి. కాసేపు విని నా చెవిలో అడిగింది.

"గీయన ఎవల గురించి చెప్తుండు?"

"అక్క గురించే."

"ఔనా?" అని మళ్లీ చెవులు రిక్కించింది. తర్వాత నిట్టూర్చి, "అక్కయితే మూడు ముక్కలల్ల చెప్పి ఖతం అంటుండె" అంది.

ఆ మాటకు నేను నవ్వాను. చర్చిలో అందరూ నా వైపు తిరిగారు. దుఃఖంలో మనిషికి ఏమైనా అవుతుందని నన్ను క్షమించి మళ్లీ అటు తిరిగారు.

మైకక్క ఎక్కడ పుట్టింది, ఎంత చదివింది అనేవి నాకు తెలియవు. ఒకసారి అడిగితే, "ఎందుకు, ఏమన్న ఫారం నింపుతవా?" అంది. ఫారం లేదన్నాను. "మరి ఎందుకు?" అంది. అక్కడితో ఆమె జీవితచరిత్ర పూర్తయింది. అప్పటికే డెబ్బై దాటి ఉంటుంది. నాకు ఇరవై ఆరు. మొదటిసారి చూసినప్పుడు "అవ్వా" అన్నాను. "గన్నేండ్లు ఏం గాలే నాకు. అక్క అను" అంది. మా అమ్మ కూడా ఆమెను అక్క అనే పిలిచేది. మా ఇంట్లో ఆ వరస ఎవరూ తేల్చలేదు.

మైకక్క అన్న పేరు బోధన్‌లో పడింది. అక్కడ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆమె చెరుకు యార్డులో మైకు ముందు కూర్చునేది. చెరుకు బండ్లు, లారీలు యార్డు నిండా బారులు తీరి ఉండేవి. లోపలి ఆఫీసు నుంచి ఇంగ్లిష్‌లో నోటీసు వచ్చేది. దాన్ని ఆమె తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, నది అవతలి ఒడ్డు నుంచి వచ్చిన బండ్ల కోసం మరాఠీలో ఒకసారి చెప్పాలి. చెప్పాక ఆమె చేసే పని ఒకటుండేది. స్విచ్ ఆపేసి తన గది కిటికీ వైపు చూస్తూ కూర్చునేది. ఎవరూ కిటికీ దగ్గరికి రాకపోతే చెప్పింది అందరికీ అందినట్టు. ఎవరైనా వచ్చి "ఏమన్నవ్ అక్కా?" అంటే తప్పు తనది. వాళ్లు అడిగింది కూడా కలిపి, మాట మార్చి, మళ్లీ చెప్పేది.

ఒకసారి ఇలా ఒక నోటీసు వచ్చిందట: అనూహ్యమైన యాంత్రిక పరిస్థితుల దృష్ట్యా తదుపరి సమాచారం వెలువడే వరకు క్రషింగ్ నిలిపివేయడమైనది. అక్క మైకులో ఇలా చెప్పింది: "మిల్లు ఆగింది. ఎప్పుడు నడుస్తదో మాకే తెల్వది. ఎడ్లకు నీళ్లు తాపుకోండ్రి."

ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. "మాకే తెలియదు అని నోటీసులో ఎక్కడుందమ్మా?"

"ఉన్నది సార్. ఇంగ్లిష్‌ల జెర పొడుగ్గ ఉన్నది."

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె నిజామాబాద్ వచ్చి కంఠేశ్వర్‌లో స్థిరపడింది. ఒక క్లినిక్‌కూ ఒక స్కూటర్ల షెడ్డుకూ మధ్య ఇరుక్కున్న రెండు గదుల ఇల్లు. కోర్టు కాగితాలు, బ్యాంకు కాగితాలు, మందుల డబ్బాల్లోని చీటీలు, ఏది తెచ్చినా చదివి చెప్పేది. మైకు పోయినా వేలి అలవాటు పోలేదు. ఏదైనా చదవబోయే ముందు బొటనవేలితో మోకాలి మీద ఒక నొక్కు నొక్కేది, అక్కడ స్విచ్ ఉన్నట్టు. అయిపోయాక ఇంకో నొక్కు, "ఖతం." ఆదివారం చర్చిలో వాక్యం చదివే బాధ్యత కూడా ఆమెదే. ఆమె చదివేశాక ప్రసంగంలో వివరించడానికి ఏమీ మిగలడం లేదని పాస్టరుగారు ఒకసారి పెద్దలతో మొరపెట్టుకున్నారట. అంత్యక్రియల నాటి నలభై నిమిషాలను ఆ కోణంలో కూడా చూడాలి.

ఇక నా సంగతి. నా ఉద్యోగం పేరు పలకడానికి ఒక గుక్క చాలదు. పసుపు మీద ఒక ప్రాజెక్టులో నేను కాంట్రాక్టు సహాయకుణ్ని. ఫిన్లాండ్‌లోని ఒక సంస్థ, మన వైపు ఒక సంస్థ కలిసి నడుపుతున్నాయి. రైతులకు తెలిసిన పద్ధతులు రాసుకోవాలి, వాటి మీద పరిశోధన చేయాలి, కొత్తగా ఏమైనా తేలితే దాని ఆధారంగా రెండు దేశాలూ విధానాలు తయారు చేసుకోవాలి. విత్తనం పసుపును వేసవి దాటించడం ఎట్లా, ఉడికిందో లేదో చీపురుపుల్ల గుచ్చి ఎట్లా చెప్తారు, నురగ వాసన ఎప్పుడు మారుతుంది వంటివి. ప్రాజెక్టు పత్రంలో దీని పేరు 'జ్ఞాన ఆధారిత ఆర్థిక వ్యవస్థలో నవకల్పనా విధానాలపై అంతర్జాతీయ సహకారం'. మా అమ్మకు ఇదంతా చెప్తే, "జీతం నెలనెలా ఇస్తరా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు పత్రంలో సమాధానం లేదు.

పద్ధతులు రాసుకోవాలంటే ముందు రైతులు ఒప్పుకోవాలి. ఎనిమిది పేజీల ఒప్పంద పత్రం వచ్చింది. దాన్ని తెలుగులో చదివి వినిపించి, సంతకాలు తీసుకోవాలి. ఏర్గట్లలో ముప్పై మంది రైతులు. వాళ్ల సంతకాలు వస్తే ప్రాజెక్టు ముందుకు, దానితోపాటు ఆ నెలతో ముగుస్తున్న నా కాంట్రాక్టు కూడా ముందుకు. హైదరాబాద్ నుంచి ఒక అనువాదం రానే వచ్చింది. కానీ జిల్లా మాట తెలిసినవాళ్లతో కూడా ఒకటి చేయించాలని నిబంధన. అలా నేను ఆ పేజీలు పట్టుకుని అక్క గుమ్మం ఎక్కాను.

అది ఏమిటని ఆమె అడగలేదు.

"ఎవలకు చదివేది?"

"ఏర్గట్ల పసుపు రైతులకు."

"కూసొని వింటరా, నిలవడి వింటరా?"

పత్రంలో రైతుల గురించి మూడు పేజీలున్నాయి గానీ వాళ్లు కూర్చుంటారో నిలబడతారో లేదు.

"నిలవడ్డోళ్లకు కాళ్లు గుంజుతుంటె మాట ఎక్కది, చిన్నగ చెప్పాలె. కూసున్నోళ్లకు ఒక ముక్క ఎక్కువ చెప్పచ్చు. కనుక్కో పో."

ఫోన్ చేసి కనుక్కున్నాను. మగవాళ్లకు కుర్చీలు వేస్తారట, ఆడవాళ్లు కింద కూర్చుంటారట. అక్క మొదటి పేజీ పైన పెన్సిల్‌తో 'కూర్చుని' అని రాసుకుంది. నవకల్పనా, సహకారమా, ఆర్థిక వ్యవస్థా అని ఆమెకు బెంగ లేదు. కూర్చుంటారు అన్నదే ఆమెకు కావలసిన నేపథ్య సమాచారం.

మూడు రోజుల తర్వాత వెళ్తే అరుగు మీద ముగ్గురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. వాళ్లలో గంగామణి ఒకతె. అక్క స్టూలు మీద కూర్చుని మోకాలు నొక్కింది. చదవడం మొదలుపెట్టింది. నేను భక్తిగా ఆమె వైపు చూస్తున్నాను.

"నా దిక్కు ఎందుకు? ఆళ్ల చేతుల దిక్కు చూడు."

చూశాను. ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరవడం, చుట్టడం, మూతి మడవడం, దారం బిగించడం. ఆ చేతులకు తలతో పని లేదు. అక్క చదువుతున్నంతసేపూ చేతులు నడుస్తూనే ఉన్నాయి. రెండో పేరా దగ్గర మూడు జతల చేతులూ ఒకేసారి ఆగాయి. ముగ్గురూ తలెత్తి అక్క మొహం చూశారు.

"అర్థం కాలే," అంది అక్క నాతో, వాళ్లను అడగకుండానే. ఆ వాక్యం కొట్టేసింది. అక్కడికక్కడే ఇంకోటి చెప్పింది: "భూమి, పైసల లెక్కనే తెలివి కూడ ఆస్తి. ఆ ఆస్తి మీద బతకాలని ఇప్పుడు దేశాలు చూస్తున్నయి."

చేతులు మళ్లీ కదిలాయి. 'జ్ఞాన ఆధారిత ఆర్థిక వ్యవస్థ' అన్నదాన్ని దాటడానికి నాకు పీజీలో రెండు సెమిస్టర్లు పట్టింది. ఇక్కడ రెండు బీడీల సేపు పట్టింది.

గంగామణి దారం పళ్లతో కొరుకుతూ, "ఆస్తి అంటున్నవ్ గద అక్కా, మరి పట్టా ఎవల పేరు మీద జేస్తరు?" అంది.

"వస్తదేమో చూద్దాం, ముంగట ఇంకా ఉన్నది" అంది అక్క.

వచ్చింది. నాలుగో పేజీలో వచ్చింది. హైదరాబాద్ అనువాదంలో ఆ వాక్యం ఇలా ఉంది: భాగస్వామ్య పక్షాల మధ్య పంచుకోబడిన సంప్రదాయ జ్ఞానం నుండి ఉత్పన్నమయ్యే నవకల్పనల మేధోపరమైన హక్కులు సంబంధిత సంస్థల పరస్పర అవగాహన మేరకు నిర్వహించబడును. అక్క దాన్ని ఇలా చదివింది: "మీరు చెప్పింది మేము రాసుకుంటాము. దాని నుంచి కొత్తది ఏదైనా తయారైతే అది మా రెండు సంస్థలది."

చేతులు ఆగాయి. నేను ఉత్సాహంగా పెన్సిల్ అందుకున్నాను. "కొట్టేయాల్నా అక్కా?"

"ఆగు. ఎవల మొఖం చూస్తున్నరు?"

అప్పుడు గమనించాను. ఈసారి వాళ్లు అక్కను చూడటం లేదు. గంగామణి పక్కామెను చూస్తోంది, పక్కామె మూడో ఆమెను చూస్తోంది.

"అర్థం కాకుంటె నా మొఖం చూస్తరు. అర్థమైతె ఒకలి మొఖం ఒకలు చూస్కుంటరు," అంది అక్క. పెన్సిల్ నా చేతిలోంచి తీసుకుంది.

"మరి చెప్పినోళ్లకు ఏమొస్తది?" అంది గంగామణి.

అక్క ఆ ఎనిమిది పేజీలూ ముందుకూ వెనక్కూ తిప్పి వెతికింది. తర్వాత ఆ వాక్యం కింద ఇంకో వాక్యం రాసింది: మీకు ఏమి వస్తుందో ఈ కాగితంలో రాయలేదు.

"అక్కా, ఇది ఇంగ్లిష్‌లో లేదు."

"లేదనే రాసిన గద."

"లేనిదాన్ని లేదని రాయడం అనువాదం ఎట్లయితది?"

"ఆమె అడిగింది. కిటికీ కాడికి వచ్చిన ప్రశ్న మైకుల చెప్పాలె. నా పని గంతే. ఖతం." మోకాలి మీద నొక్కు పడింది. చర్చ ముగిసింది.

మా సారు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు. ఆయన పైన ఇంకో సారు ఉన్నాడు, ఆయన పైన ఒక ఈమెయిల్ ఉంది.

"మంచిగ రాసింది. ఎక్కువ మంచిగ రాసింది, అదే కిరికిరి," అన్నాడు. "మీటింగుకు ఫిన్లాండ్ సంస్థ మేడం వస్తున్నది. ఆమె ముంగట పంచాది వద్దు. నువ్వు హైదరాబాద్ నుంచి వచ్చింది చదువు. జెర గంభీరంగుంటది. నీ రెన్యువల్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది, యాది పెట్టుకో."

ఈ సంగతి చెప్తే అక్క మండిపడుతుందని, నేను నలిగిపోతానని, ఒక మంచి సన్నివేశం జరుగుతుందని ఊహించుకుంటూ వెళ్లాను. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"ఆయన చెప్పిందే చదువు. చదివినంక నిన్ను ఎవలన్న ఏమన్న అడిగితె నా కాయితం తీయి. అడగకుంటె తీయకు."

"ఎవరూ అడగకపోతే?"

"ఆళ్లకు అక్కెర లేనట్టు. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

ఏర్గట్లలో ఒక రేకుల షెడ్డు కింద సమావేశం. ముందు కుర్చీల్లో మగవాళ్లు, కింద గోనెపట్టాల మీద ఆడవాళ్లు, ఒక పక్కన మా సారు, ఆయన పక్కన ఫిన్లాండ్ మేడం. పొడుగ్గా, ఎండకు ఎర్రబడి, ఇచ్చిన కొబ్బరిబోండాన్ని రెండు చేతులతో పసిబిడ్డలా పట్టుకుని కూర్చుంది. నేను హైదరాబాద్ అనువాదం ఎనిమిది పేజీలూ చదివాను. గంభీరంగానే చదివాను. నిర్వహించబడును దగ్గర గొంతు కూడా తగ్గించాను. షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరూ నా మొహమే చూస్తున్నారు. ఇంతమంది నన్ను ఇంత శ్రద్ధగా చూడటం మా సొంత అక్క పెళ్లిలో భోజనాలు ఆలస్యమైనప్పుడు తప్ప ఎన్నడూ లేదు.

చదవడం అయిపోయింది. ఒక్క ప్రశ్న లేదు. ముందు కుర్చీలోని పెద్దమనిషి జేబులోంచి పెన్ను తీసి, "దస్కతు ఏడ పెట్టాలె?" అన్నాడు.

మా సారు మొహం వెలిగింది. ఇది నాకు కొత్తగా అనిపించింది. అక్క అరుగు మీద అర్థం కాకపోతే చేతులు ఆగిపోతాయి. ఇక్కడ అర్థం కాకపోతే చేతులు పెన్ను కోసం వెతుకుతున్నాయి. అర్థం కాలేదంటే సర్కారు కాగితమన్నట్టు, సర్కారు కాగితమంటే సంతకం పెట్టేదన్నట్టు.

వరసలో మొదటిది వేలిముద్ర. ఎనభై ఏళ్ల ముసలాయన. ఆయన బొటనవేలు పట్టుకుని నేను ఇంకుప్యాడ్ మీద అద్దుతున్నాను. ఆయన వేలు నా చేతిలో వదిలేసి, నా మొహంలోకి చూసి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, గంతసేపు సదివినవ్. నీకన్న సమజైందా?"

ఇక్కడ నేను ధైర్యం చేశాను అని రాసుకోవచ్చు. నిజం ఏమిటంటే అబద్ధం చెప్పడానికి టైం సరిపోలేదు.

"పూర్తిగ కాలే, తాతా."

షెడ్డంతా గొల్లుమంది. ముసలాయన కూడా నవ్వాడు, నవ్వుతూనే వేలు వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. "మరి సమజయ్యేటిది లేదా?"

అడిగాడు. అక్క పెట్టిన షరతు తీరింది. సంచిలోంచి ఆమె కాగితాలు తీశాను. మా సారు వైపు చూడలేదు. చూస్తే చదవలేను.

అక్క తెలుగులో పత్రం సగం సేపట్లో అయిపోయింది. నాలుగో పేజీ దగ్గర, మీకు ఏమి వస్తుందో ఈ కాగితంలో రాయలేదు అన్నప్పుడు, నన్ను చూసేవాడు ఒక్కడూ లేడు. కుర్చీలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆ గోలలో గోనెపట్టా మీది నుంచి లింగవ్వ అనే ఆమె లేచి నిలబడింది. నాలుగెకరాల పసుపు ఒంటిచేత్తో పండించే మనిషి.

"మాకు ఎరికైంది మేం జెప్తం. మాకేం దాసుకునేది లేదు. మరి ఆళ్ల తాన ఎరికైంది మాకు జెప్తరా? మా పసుపు ఆడికి పోయి మందో మాకో అయితే, గది మాకెవలు జెప్తరు? నువ్వు జెప్తవా?" అని నన్ను వేలెత్తి చూపింది. "నీ నౌకరి ఉంటదో ఊడ్తదో నీకే ఎరికలేదు."

ఇంత కచ్చితమైన వార్షిక సమీక్ష మా ఆఫీసులో కూడా ఎవరూ రాయలేదు.

ఆ రోజు ఒక్క సంతకమూ పడలేదు. కారు దగ్గర ఫిన్లాండ్ మేడం ఏం జరిగిందని అడిగింది. "చిన్న వివరణ, మేడం" అన్నాడు మా సారు. ఆమె కొబ్బరిబోండాన్ని ఇంకా వదల్లేదు. "మొదటిసారి చాలాసేపు చదివారు, ఏమీ జరగలేదు. రెండోసారి కొంచెంసేపు చదివారు, ఇంత జరిగింది. రెండోది రాసింది ఎవరు?" అంది.

మరునాడు పొద్దున ఆమె కంఠేశ్వర్‌లో అక్క అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన మా సారు చెప్పులు విప్పి, మొహం ముడుచుకుని. గంగామణి ఆమెకు ఒక చాట ఇచ్చి బీడీ చుట్టమంది. ఆమె పావుగంట కష్టపడి చుట్టినదాన్ని గంగామణి అటూ ఇటూ తిప్పి చూసి, "పరవాలేదు, కాల్వకుంటె మంచిదే" అంది. నేను దాన్ని 'బాగుంది' అని అనువదించాను. అక్క నా వైపు ఒక చూపు చూసింది. మళ్లీ సరిగా అనువదించాను. మేడం పెద్దగా నవ్వింది.

అక్కకు ఒకటే సందేహం ఉంది. అది ముందు రోజు నుంచీ ఆమెను తొలుస్తోందట.

"ఆమెను అడుగు. ఆళ్ల దేశంల ఇసొంటి కాయితాలు రైతులకు ఎవలు చదివి వినిపిస్తరు?"

మేడం ఆలోచించింది. తమ దగ్గర అందరికీ చదువు వచ్చు, కాగితం ఇంటికే పంపిస్తాం అంది.

"చదువుతరా?"

మేడం ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆలోచించింది. "సంతకం పెడతారు" అంది.

అక్క తల ఊపింది. "ఆడ కూడ గట్లనే ఉన్నదన్నట్టు. పాపం."

నాకు తెలిసి రెండు దేశాల మధ్య విధానపరమైన ఏకాభిప్రాయం కుదిరింది అక్కడే. మిగతాది ఈమెయిళ్లు.

అప్పుడు మేడం ఒక విచిత్రమైన కోరిక కోరింది. మీ తెలుగు నాలుగో పేజీని తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్చి ఇస్తారా అని. అక్క ఒక్కో వాక్యం చెప్పింది, నేను ఇంగ్లిష్‌లో రాశాను. నేను అలవాటు కొద్దీ ఎక్కడైనా పెద్ద మాట వేస్తే వేలితో మోకాలు కొట్టి ఆపేది. నాలుగు వాక్యాలు. మేడం ఆ కాగితం చదివింది. తలెత్తి మా సారు మొహం చూసింది. మా సారు ఆమె మొహం చూశాడు.

అక్క నన్ను మోచేత్తో పొడిచింది.

ఆ కాగితం ఫిన్లాండ్ పోయింది. అక్కడి వకీళ్ల దగ్గర, ఇక్కడి వకీళ్ల దగ్గర నెలల తరబడి తిరిగింది. ఈలోగా నన్ను తీసేయలేదు, ఉంచనూ లేదు. మూడు నెలలకోసారి పొడిగించారు. కాలిపోబోయే బల్బు ఇంకొంచెం, ఇంకొంచెం వెలిగినట్టు. చివరికి పత్రం తిరిగి వచ్చినప్పుడు నాలుగో పేజీలో పాత వాక్యం లేదు. దాని స్థానంలో ఉన్న ఇంగ్లిష్‌కు మూలం కంఠేశ్వర్ తెలుగు. అక్క దాన్ని మళ్లీ తెలుగు చేయడానికి ఎక్కువ కష్టపడలేదు: "మీరు చెప్పింది మేము రాసుకుంటాము. దాని నుంచి కొత్తది తయారైతే ముందు మీ ఊరికి వచ్చి, మీ భాషలో మీకు చెప్తాము. అది అమ్ముడుపోతే మీ సంఘానికి వాటా ఉంటుంది. ఎంత అన్నది ఇంకా తేల్చలేదు. మా దగ్గర తెలిసింది మీకు దాచము. వద్దనుకున్నవాళ్లు ఎప్పుడైనా సంతకం తీసేయించుకోవచ్చు."

'ఇంకా తేల్చలేదు' అన్నది మళ్లీ అక్క కలిపిందే. ఈసారి మా సారు పక్కన పెట్టమనలేదు. "ఇంగ్లిష్‌ల పొడుగ్గ ఉండే ఉంటది" అని తనకు తానే చెప్పుకున్నాడు.

రెండో సమావేశానికి అక్క రాలేదు. మోకాళ్లు సహకరించడం లేదు. నేనే వెళ్లి చదివాను. సాయంత్రం తిరిగి వచ్చి ఆమె ముందు ఫైలు పెట్టాను. గెలిచిన మొహం కాదు నాది. ముప్పై మందిలో ఇరవై మూడు మంది సంతకం పెట్టారు. ఏడుగురు పెట్టలేదు. ఇంత చేశాక కూడా ఏడుగురు. ఆమె బాధపడుతుందేమోనని ఆ ఏడుగురి మాట కాస్త గొణిగినట్టు చెప్పాను.

అక్క కళ్లద్దాలు తీసింది. "వద్దన్నోళ్లు ఎందుకు వద్దన్నరో చెప్పిన్రా?"

"చెప్పిన్రు. ఒకాయన వాటా ఎంతో తేలినంక పెడ్త అన్నడు. ఒకామె తన అత్త చెప్పిన పద్ధతి, అత్తను అడగకుండ చెప్పను అన్నది. ఒకాయన ముందు ఫిన్లాండోళ్లనే ఒకటి చెప్పుమన్నడు, నచ్చితే తనూ చెప్తడట. ఒకాయనకు పత్రం నచ్చింది గానీ మా సారు నచ్చలేడు…"

"అందరిది ఒకటే ముచ్చట కాదు గద?"

"లేదు. ఒక్కొక్కలది ఒక్కోటి."

ఆమె మొహం విప్పారింది. అంత సంతోషం నేను ఆమెలో అంతకుముందు చూడలేదు. "అయితే ఏడుగురికి పూర్తిగ ఎక్కింది" అంది. "మరి పెట్టినోళ్లు ఏమన్నరు?"

గుర్తు చేసుకున్నాను. లింగవ్వ రెండు ప్రశ్నలు అడిగి పెట్టింది. ఇంకో పదిమంది దాకా ఏదో ఒకటి అడిగారు. "మిగతావాళ్లు ఏమనలేదు అక్కా. పెట్టిన్రు."

"ఏమనకుంట పెట్టిన్రా?"

"ఊఁ."

"ఆళ్ల పేర్లు రాసుకో. రేపు పోయి ఆళ్లకు మళ్లొకపారి చదివి రా."

"అక్కా, సంతకాలు పడ్డయి. ఫైలు రేపు పోవాలె. సంతకం పెట్టినోళ్ల దగ్గరికి మళ్లా పోయేటోడు ఎవడన్న ఉంటడా?"

"నువ్వు ఉన్నవ్ గద."

మరునాడు పొద్దున ఏర్గట్ల బస్సెక్కాను. పన్నెండు ఇళ్లు. పొలంలో ఉన్నవాళ్ల కోసం పొలానికి, పెళ్లికి పోయినాయన కోసం పెళ్లికి. ఒక్కొక్కరికీ విడిగా, కూర్చోబెట్టి చదివాను. తొమ్మిది మంది ఏదో ఒకటి అడిగారు, తిట్టారు, ఒకాయన చాయ్ తాగించాడు, సంతకం అట్లాగే ఉంచమన్నారు. ఒకామె, నిన్న కూడా అర్థమయ్యే పెట్టాను, మళ్లీ ఎందుకొచ్చావని కోప్పడింది. ఇద్దరు తమ పేర్లు కొట్టేయమన్నారు. కొట్టేశాను. ఇరవై మూడు ఇరవై ఒకటైంది. వచ్చిన సంతకాలను తగ్గించిన ఉద్యోగి మా ప్రాజెక్టు చరిత్రలో నేనొక్కడినే.

బస్సు కోసం నిలబడి అక్కకు ఫోన్ చేశాను. ఇద్దరు తగ్గారని చెప్పాను. ఫైలు ఇంకా నా సంచిలోనే ఉందన్నాను.

"ఇప్పుడు పంపు" అంది.